డెల్టాలో పాత ఇల్లు ఖాళీ చేసేవారికి: నూతిలో వేయకండి, కాలువలో పోయకండి, తగలబెట్టకండి

అమ్మా, మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైంది ఇది. అమలాపురం దగ్గర పల్లెలో మీ తాతగారి నాటి పెంకుటిల్లు ఉంది. నాన్నగారు పోయి ఏడాది దాటింది, అమ్మగారు మీతో హైదరాబాదులో ఉంటున్నారు. ఇల్లు ఖాళీ చేసి విప్పించాలనుకుంటున్నారు. ఒక కాంట్రాక్టరు వచ్చి సామాను మొత్తం గంపగుత్తగా తీసేస్తానని, పనికిరానిదంతా పెరటి నూతిలో వేసి పూడ్చేస్తానని, మిగిలింది తగలబెడతానని అన్నాడు. ఒప్పుకోవచ్చా, నియమాలు ఏం చెబుతున్నాయి అని అడిగారు.

ఒప్పుకోవద్దు. డెల్టా పట్టణాల్లో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఇలాంటి బేరాలు చివరికి ఎక్కడ తేలతాయో కాలువ గట్ల మీద చూస్తూ వచ్చాను. ఎందుకు వద్దంటున్నానో, బదులుగా ఏం చేయాలో కొంచెం వివరంగా రాస్తాను. ఓపికగా చదవండి.

ముందు నూతి సంగతి. కోనసీమలో వానాకాలంలో కొద్ది అడుగులు తవ్వితే చాలు, నీరు ఊరుతుంది. నేల పైపొరలోనే నీరున్న చోట మీ నుయ్యి, పక్కింటివారి బోరు, వీధి చివరి చేతి పంపు అన్నీ ఒకే నీటి మీద ఉన్నాయి. మీరు నూతిలో వేసిన పాత పురుగుమందు డబ్బా, బ్యాటరీ, మందుల పెట్టె కొన్నేళ్లకు తుప్పుపట్టి కారితే ఆ విషం మీ స్థలం హద్దులో ఆగదు. మీరు స్థలం అమ్మేసి వెళ్లిపోయినా అక్కడివాళ్లు ఆ నీళ్లు వాడుతూనే ఉంటారు. 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం 24వ సెక్షన్ ఏరులతో పాటు బావులను కూడా పేరుపెట్టి చెప్పింది: తెలిసి తెలిసి విషపదార్థాలను, కాలుష్యాన్ని వాటిలోకి పోనివ్వకూడదు. నుయ్యి మీదే కావచ్చు, అందులో ఏది పడితే అది వేసే హక్కు మాత్రం మీకు లేదు.

వాడని నుయ్యి పూడ్చాలనుకోవడం తప్పు కాదు. పిల్లలు, పశువులు పడే ప్రమాదం ఉంది కాబట్టి పూడ్చడమే మంచిది. శుభ్రమైన ఇసుక, మట్టి తోలించి పూడ్పించండి. అడుగున పడి ఉన్న బకెట్లు, తాళ్లు, ఇనుప ముక్కలు పైనుంచి గాలాలతో తీయించండి. ఎంత బతిమాలినా, ఎంత ధైర్యంగా ముందుకొచ్చినా, మనిషిని మాత్రం లోపలికి దింపనివ్వకండి. చాలాకాలం మూసి ఉన్న నూతుల్లో ప్రాణవాయువు చాలినంత ఉండకపోవచ్చు. దిగినవాడు కిందపడితే అతన్ని తీయడానికి దిగిన రెండోవాడూ పోతాడు. ఇలాంటి వార్తలు ఏటా వేసవిలో ఎక్కడో ఒకచోట చదువుతూనే ఉంటాం.

ఇక కాలువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయినప్పటి నుంచి తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలు మూడూ కాలువల మీదే బతుకుతున్నాయి. ఆ నీరు పొలాలకే కాదు, ఊరి మంచినీటి చెరువుకూ వెళ్తుంది. వేసవిలో మరమ్మతుల కోసం కాలువలు కట్టేసే ముందు చెరువు నింపుకుంటాం, మళ్లీ నీరు వదిలేదాకా అదే తాగుతాం. పాత ఇళ్లు విప్పేది కూడా వేసవిలోనే. అప్పుడు ఎండిపోయిన కాలువ చూస్తే ట్రాక్టరువాడికి పెద్ద గొయ్యిలా కనిపిస్తుంది, రాత్రికి రాత్రి తొట్టె ఎత్తేస్తాడు. నీరు వదిలిన రోజున ఆ పరుపులు, గాజు పెంకులు, మందు సీసాలు కదిలి దిగువ ఊళ్ల తూముల దగ్గర, లాకుల దగ్గర చిక్కుకుంటాయి. మురుగు కాలువలో పోస్తే ఇంకో నష్టం. అసలే గుర్రపుడెక్కతో నిండి ఉంటుంది, చెత్త కూడా చేరితే వాన నీరు లాగదు, చేలు మునుగుతాయి. కాంట్రాక్టరు నూతి మాట విరమించుకుని ‘బయట ఎక్కడైనా పోయిస్తాను’ అంటే ఆ ఎక్కడైనా అనేది ఏదో అడగండి.

తగలబెట్టడం గురించి కూడా అంతే కచ్చితంగా చెబుతున్నాను. ఆరుబయట చెత్త తగలబెడితే 5,000 రూపాయలు, పెద్దమొత్తంలో తగలబెడితే 25,000 రూపాయలు పరిహారం వసూలు చేయాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2016 డిసెంబరులో ఆదేశించింది. జరిమానా సంగతి పక్కన పెట్టినా, ప్లాస్టిక్ తొడుగున్న వైర్లు, రెక్సిన్, ఫోము పరుపులు కాలిస్తే వచ్చే పొగలో డయాక్సిన్లనే విషపదార్థాలు ఉంటాయి. ఇళ్లు దగ్గరదగ్గరగా, మధ్యలో కొబ్బరి చెట్లు కమ్ముకుని ఉండే పల్లెలో ఆ పొగ పైకి పోదు, పక్కింటి వసారాలోకే పోతుంది.

నియమాల విషయానికి వస్తే, 2016 ఘన వ్యర్థాల నిర్వహణ నియమాలే ఇంటి చెత్తను తడి, పొడి, ప్రమాదకరం అని మూడుగా వేరు చేయమన్నాయి. వీధుల్లో, కాలువల్లో, నీటి వనరుల్లో వేయకూడదని, తగలబెట్టకూడదని, పాతిపెట్టకూడదని చెప్పాయి. వాటి స్థానంలో 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త నియమాలు వచ్చాయి. ఇప్పుడు నాలుగు భాగాలు: తడి, పొడి, శానిటరీ చెత్త (డైపర్లు, ప్యాడ్ల వంటివి), ప్రత్యేక జాగ్రత్త అవసరమైన చెత్త (రంగు డబ్బాలు, బల్బులు, పాదరసం థర్మామీటర్లు, మందులు). రెండింటిలోనూ మీరు గుర్తుంచుకోవలసిన ముఖ్యమైన విషయం ఒకటే. వేరు చేసి అప్పగించే బాధ్యత చెత్త ఎవరి ఇంట్లో పుట్టిందో వారిది. కాంట్రాక్టరుకు డబ్బులిచ్చినంత మాత్రాన అది అతని భుజం మీదికి వెళ్లిపోదు.

అందుకే నా సలహా: ఇల్లు విప్పే కాంట్రాక్టు వేరు, సామాను తీసే పని వేరు. సామాను ముందు మీ కళ్లెదుట, మీ చేతుల మీదుగా వేరు కావాలి. అందులోనూ ఒక వరస ఉంది. మొదట కాగితాలు, తర్వాత విషాలు, ఆ తర్వాతే అమ్మేవి, ఇచ్చేవి, పారేసేవి. అందరూ ముందు ఇత్తడి బిందెల దగ్గర మొదలుపెడతారు. డబ్బు వస్తుంది కదా అని. ఆ హడావుడిలో కాగితాలు చెత్తలో కలిసిపోతాయి, విషపు సీసాలు పనివాళ్ల కాళ్ల కింద పగులుతాయి.

కాగితాలు పాత ఇళ్లలో ఒకచోట ఉండవు. దస్తావేజు బీరువాలో ఉంటే దాని లింకు దస్తావేజు (అంతకు ముందరి యజమాని నాటిది) అటక మీది కావిడిపెట్టెలో ఉంటుంది. పన్ను రసీదులు పంచాంగాల మధ్య, బ్యాంకు పాసుపుస్తకం దేవుడి గూట్లో, వీలునామా పెళ్లి శుభలేఖల కట్టలో. పుస్తకాలు కూడా ఆకు ఆకు తిప్పి చూడండి. పట్టాదారు పాసుపుస్తకాలు, కొనుగోలు దస్తావేజులు, పాత భాగపరిష్కార పత్రాలు ఎంత చెదపట్టినా పారేయకండి. బ్యాంకు ఖాతా పదేళ్లు కదలకపోతే ఆ సొమ్ము రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది కానీ వారసుల హక్కు పోదు. ఇలాంటి డిపాజిట్లను వెతకడానికి 2023లో ‘ఉద్గమ్’ అనే పోర్టల్ పెట్టారు, నాన్నగారి పేరుతో చూడండి. పాత షేర్ల పత్రాలు దొరికినా అంతే. ఏడేళ్లు డివిడెండు తీసుకోకపోతే అవి పెట్టుబడిదారుల రక్షణ నిధికి బదిలీ అవుతాయి, దరఖాస్తు చేసి తిరిగి పొందవచ్చు.

బియ్యం డబ్బాల్లో, చీర మడతల్లో పాత నోట్లు దొరకడం చాలా మామూలు. 2016లో రద్దైన 500, 1000 రూపాయల నోట్లు ఇప్పుడు ఎక్కడా మారవు. కమీషను మీద మారుస్తామని ఎవరైనా వస్తే నమ్మకండి. పైగా 2017 చట్టం ప్రకారం అవి పదికి మించి దగ్గర ఉంచుకోవడమే నేరం. 2000 రూపాయల నోట్ల సంగతి వేరు. 2023 మే నెలలో ఉపసంహరించినా అవి ఇంకా చెల్లుబాటులోనే ఉన్నాయి. మామూలు బ్యాంకులు తీసుకోవు కానీ రిజర్వు బ్యాంకు హైదరాబాదు కార్యాలయంలో మార్చుకోవచ్చు. మీరు అక్కడే ఉన్నారు కాబట్టి సులువు.

ఉంచుకోనవసరం లేని కాగితాల్లో ఆధార్ నకళ్లు, చెక్కు పుస్తకాలు, సంతకాలున్న ఫారాలు ఉంటే చింపి నీళ్లలో నానబెట్టి ముద్ద చేసి ఎరువు గుంతలో వేయండి. తాళపత్రాలు కనిపిస్తే తుడవకండి, నూనె రాయకండి, తాడు విప్పకండి. రాజమహేంద్రవరంలోని గౌతమీ గ్రంథాలయం, కాకినాడలోని ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఇలాంటివి భద్రపరిచిన చోట్లు. ముందు ఫొటోలు తీసి వాళ్లను అడగండి. చదవగలిగే స్థితిలో ఉన్న పుస్తకాలు ఊరి బడికో, శాఖా గ్రంథాలయానికో ఇవ్వవచ్చు.

ఇప్పుడు విషాలు. మీది వ్యవసాయ కుటుంబం అని రాశారు కాబట్టి ఇది చదవకుండా దాటకండి. కొట్టుగదిలో, గాదె వెనక, పశువుల శాల చూరులో పాత పురుగుమందులు తప్పకుండా ఉంటాయి. గమాక్సిన్ పొడిని 1997లో నిషేధించారు, ఎండోసల్ఫాన్‌ను 2011లో, థిమ్మెట్ గుళికలను 2020 చివరి నుంచి. నిషేధించినంత మాత్రాన ఇళ్లలో మిగిలిపోయినవి మాయం కాలేదు. మూత తీసి వాసన చూడటం, ఒక సీసాలోది ఇంకో సీసాలో కలపడం, సీసా కడిగి వాడుకోవడం ఏదీ చేయకండి. రబ్బరు తొడుగులు వేసుకుని, ముక్కుకు మాస్కు కట్టుకుని, సీసాలను నిలువుగా ఒక గట్టి ప్లాస్టిక్ టబ్బులో పెట్టండి. చుట్టూ పొడి ఇసుక పోస్తే కదలవు, కారినా ఇసుక పీల్చుకుంటుంది. పైన ‘పురుగుమందులు, విషం’ అని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందని తాళం గదిలో ఉంచండి. తర్వాత రైతు సేవా కేంద్రంలోని వ్యవసాయ సహాయకుడికి, మండల వ్యవసాయ అధికారికి రాతపూర్వకంగా చెప్పండి. మన రాష్ట్రంలో ప్రమాదకర వ్యర్థాలను శాస్త్రీయంగా నిర్మూలించే కేంద్రం విశాఖ దగ్గర పరవాడలో ఉంది. మీ ఇంటి టబ్బు ఒక్కటే అక్కడికి వెళ్లదు కానీ పంచాయతీ, వ్యవసాయ శాఖ కలిసి పోగుచేస్తే వెళ్లే దారి ఉంది. అందుకే మౌఖికంగా కాదు, కాగితం మీద అడగమంటున్నాను.

ఈ టబ్బును మాత్రం పాత సామాన్లవాడికి ఇవ్వకండి. అతనికి కావలసింది సీసా. లోపలిది బోదెలో (చిన్న పంటకాలువలో) ఒంపేసి సీసా తీసుకెళ్తాడు. ఆ బోదె నీరు కింద చేపల చెరువులోకి వెళ్తుంది. ఎండోసల్ఫాన్ చేపలకు ఎంత ప్రాణాంతకమో పాత రైతులను అడిగినా చెబుతారు.

నాన్నగారి మందుల విషయం కూడా ఇక్కడే. మాత్రలు, సిరప్పులు కాలువలో, మరుగుదొడ్డిలో వేయకండి. పట్టీలు అలాగే ఉంచి ఒక సంచిలో కట్టండి. ఇన్సులిన్ సూదులుంటే ఫినాయిల్ సీసా లాంటి మందపాటి ప్లాస్టిక్ సీసాలో వేసి మూత బిగించి టేపు చుట్టండి. సూదులు విడిగా చెత్తలో కలిస్తే అవి గుచ్చుకునేది చేతులతో చెత్త వేరు చేసే కార్మికురాలికి. ఏ రోగం ఎవరిదో ఆమెకు తెలియదు, నెలల తరబడి భయంతో రక్తపరీక్షలు చేయించుకుంటూ తిరుగుతుంది. వాకరు, చక్రాల కుర్చీ, ఆసుపత్రి మంచం బాగుంటే ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికో, దగ్గరలోని వృద్ధాశ్రమానికో ఇవ్వండి.

పాతకాలం రక్తపోటు యంత్రం ఉందేమో చూడండి, గాజు గొట్టంలో వెండిలా మెరిసే ద్రవం ఉండేది. అందులో సుమారు 100 గ్రాముల పాదరసం ఉంటుంది. థర్మామీటరులో ఒక గ్రాము అటూ ఇటూ. పగలకుండా మెత్తని గుడ్డలో చుట్టి నిలువుగా పెట్టండి. ఒకవేళ ఒలికితే చీపురుతో ఊడవవద్దు, పూసలు చిన్నవై గది అంతా పాకుతాయి. కిటికీలు తెరిచి, పిల్లలను బయటికి పంపి, చేతి ఉంగరాలు, గాజులు తీసేసి (పాదరసం తగిలితే బంగారం పాడవుతుంది) గట్టి అట్టముక్కలతో పూసలను ఒకచోటికి నెట్టి సీసాలోకి ఎత్తండి. ట్యూబులైట్లు, సీఎఫ్‌ఎల్ బల్బుల్లోనూ కొద్దిగా పాదరసం ఉంటుంది. వాటిని విరగ్గొట్టకుండా పాత అట్టపెట్టెలో పెట్టి ఇవ్వాలి.

ఇత్తడి, కంచు, రాగి దగ్గరికి వద్దాం. గుండిగలు, గంగాళాలు, బిందెలు, మరచెంబులు అమ్మే ముందు అక్కచెల్లెళ్లు, అన్నదమ్ములు కూర్చుని ఎవరికేం కావాలో తేల్చుకోండి. అమ్మగారిని తప్పకుండా అడగండి. ఆమెకు ఏ చెంబు ముఖ్యమో మీరు ఊహించలేరు. తూకం మీ సొంత కాటాతో వేయించండి. కంచునూ ఇత్తడినీ కలిపి ఒకే ధర కట్టనివ్వకండి, కంచు పగిలినా విలువ పోదు. తణుకు దగ్గర అజ్జరంలో తరతరాలుగా ఇత్తడి పని చేసేవాళ్లు ఉన్నారు. పెద్ద మొత్తం ఉంటే అక్కడ ధర కనుక్కుని తర్వాత పాత సామాన్లవాడితో మాట్లాడండి. వాడుకుందామనుకున్న ఇత్తడి గిన్నెలకు కళాయి వేయించాకే వంట.

పూజగదిలో గానీ భోషాణంలో గానీ బాగా పాత విగ్రహాలు కనిపిస్తే ఆగండి. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన విగ్రహాలు, 75 ఏళ్లు దాటిన విలువైన రాతప్రతులు పురావస్తువుల కిందకు వస్తాయి. విగ్రహాల వంటివి నమోదు చేయించాలి, ప్రైవేటు వ్యక్తులు వాటిని విదేశాలకు పంపడానికి వీల్లేదు. ఊళ్లు తిరిగి ‘పాత విగ్రహాలు కొంటాం’ అనేవాళ్లకు ఇస్తే తర్వాత పోలీసులు వచ్చేది మీ ఇంటికి. పునాదులు తవ్వేటప్పుడు భూమిలో దాచిన బిందె లాంటిది బయటపడితే 1878 నిక్షేపాల చట్టం కింద కలెక్టరుకు తెలియజేయాలి. తాతగారి తుపాకీ ఉంటే లైసెన్సు కాగితంతో సహా పోలీసు స్టేషనులో అప్పగించండి, అటక మీద ఉంచకండి. గ్యాసు సిలిండరు డీలరుకే వెనక్కి వెళ్లాలి, కనెక్షను కాగితం ఉంటే డిపాజిట్టు తిరిగి వస్తుంది.

కరెంటు సామానుకు వేరే నియమాలున్నాయి: ఈ-వ్యర్థాలకు 2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్నవి, బ్యాటరీలకు 2022వి. మీరు చేయాల్సింది మాత్రం కష్టం కాదు. ఇన్వర్టరు బ్యాటరీని కొత్తది అమ్మే దుకాణంలోనే ఇవ్వండి, లోపలి సీసం లోహానికి విలువ ఉంది కాబట్టి డబ్బు తగ్గిస్తారు. ఆమ్లం ఒంపేసి తేలిక చేసి తీసుకెళ్తామనేవాళ్లకు ఇవ్వకండి. పాత డబ్బా టీవీ పిక్చరు ట్యూబు గాజులో సీసం ఉంటుంది, రాగి కోసం దాన్ని పగలగొట్టేవాళ్లుంటారు. ఫ్రిజ్ వెనక గొట్టం కోస్తే అందులోని వాయువు గాలిలో కలుస్తుంది, చాలా పాత ఫ్రిజ్‌లలో అది ఓజోను పొరను తినే రకం. హైదరాబాదులో మీరు కొత్తవి కొనేటప్పుడు మార్పిడి కింద ఇవ్వగలిగితే అది మంచి దారి, లేకపోతే నమోదైన రీసైక్లరు మనుషులకు మొత్తం ఒకేసారి అప్పగించండి. పాత ఫోన్లలోని ఫొటోలు ముందు తీసుకోండి, నాన్నగారి గొంతు వాటిలో ఉండవచ్చు.

ఇంక ఇల్లు. మీ పెంకుటింట్లో అన్నిటికంటే తక్కువ చెత్త అయ్యేది ఇల్లే, ఓపికగా విప్పితే. టేకు దూలాలు, ద్వారబంధాలు, తలుపులు, స్తంభాలు, పెంకులు అన్నీ మళ్లీ వాడుకునేవే. సున్నంతో కట్టిన గోడల ఇటుక సిమెంటు గోడలా పట్టుకుని ఉండదు, మెల్లగా తడితే నిండు ఇటుకగా ఊడివస్తుంది. జేసీబీ పెడితే ఒక్క పూటలో కూలుతుంది కానీ అమ్ముకోగలిగిన సామాను అంతా రాళ్లకుప్ప అవుతుంది, ఆ కుప్ప ఎత్తించడానికి మళ్లీ ఖర్చు. పెంకులు దింపేటప్పుడు, కట్టెల కుప్ప కదిపేటప్పుడు పగలే పని చేయించండి. కట్లపాములు, తేళ్లు ఆ సందుల్లోనే ఉంటాయి. ఎవరినైనా పాము కరిస్తే మంత్రాలకూ పసరుకూ పోకుండా నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి, విరుగుడు మందు అక్కడ ఉంటుంది.

చివరికి మిగిలే ఇటుక ముక్కలు, సున్నపు పెళ్లలు, మట్టి డెల్టాలో పారబోయవలసిన అవసరమే లేదు. మన దగ్గర ప్రతివాడికీ మెరక కావాలి. పల్లపు స్థలం ఉన్నవారు, ఇల్లు కట్టబోయేవారు ట్రాక్టరు పెట్టుకుని వచ్చి తీసుకెళ్తారు. అయితే దానిలో ప్లాస్టిక్, గాజు, గుడ్డలు, రేకు ముక్కలు కలవకూడదు. స్థలం యజమాని ఒప్పుకున్న చోటే పోయాలి, బోదె పక్కనా చెరువు గర్భంలోనా కాదు. ఎత్తేదాకా మీ ఆవరణలోనే ఉంచండి, రోడ్డు మీదికీ కాలువలోకీ జారనివ్వకండి.

పశువుల శాలకు సిమెంటు రేకులు ఉన్నాయని రాశారు. వాటిలో ఆస్‌బెస్టాస్ నార ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తర్వాత రోగంగా బయటపడుతుంది. సుత్తితో కొట్టకుండా, రంపంతో కోయకుండా, ముందు నీళ్లు చల్లి తడిపి, బోల్టులు విప్పి నిండు రేకులుగా దింపించండి. పనివాళ్లకు మంచి మాస్కులు మీరే కొనివ్వండి. విరిగిన ముక్కలు మందపాటి సంచిలో కట్టి వేరుగా అప్పగించాలి. వాటిని మెరక కింద వాడనివ్వకండి.

దేవుడి పటాల గురించి మీరు చివర్లో కొంచెం మొహమాటంగా అడిగారు. మొహమాటం అక్కర్లేదు, అందరికీ వచ్చే ఇబ్బందే. గోదావరిలో కలపడం మన ఆచారం. నదిలో కలవాల్సింది కరిగే వస్తువు. గాజు, మేకులు, ప్లాస్టిక్ చట్రం కరగవు, స్నానానికి దిగినవారి కాళ్లకు గుచ్చుకుంటాయి. పటాన్ని చట్రం నుంచి విడదీయండి. కాగితం బొమ్మను ఇంట్లోనే ఒక పాత్రలో నీళ్లలో నానబెట్టి ఆ నీరు, ముద్ద చెట్టు మొదట్లో పోయవచ్చు. విరిగిన మట్టి ప్రతిమలనూ అలాగే బకెట్టు నీళ్లలో కరిగించవచ్చు. లోహపు విగ్రహాలు పాతవి కాకపోతే గుడిలో అడిగి ఇవ్వండి. అమ్మగారు ఒక్క పటమైనా గోదావరి దాకా తీసుకెళ్లాలంటే, కాగితం మాత్రమే తీసుకెళ్లండి.

బూరుగుదూది పరుపులు, దిండ్లు పారేయనక్కర్లేదు, దూది ఏకించి మళ్లీ కుట్టించవచ్చు. ఫోము పరుపులు మాత్రం పొడి చెత్త కిందే ఇవ్వాలి. కట్టదగిన బట్టలు ఉతికించి ఇవ్వండి, చినిగినవి మెకానిక్కు షెడ్లవాళ్లు తుడుచుకోవడానికి తీసుకుంటారు. పెరట్లోని ఆకులు, మట్టలు మూలన గుంత తీసి కుళ్లబెట్టండి, కొబ్బరి డొక్కలను పీచు మిల్లులవాళ్లు తీసుకెళ్తారు.

పంచాయతీతో ఎలా మాట్లాడాలన్నది మిగిలింది. రోజూ మూడు చక్రాల బండి మీద వచ్చే హరిత రాయబారి ఇంటి చెత్త తీసుకెళ్తారు కానీ ఇల్లంత సామాను ఆ బండిలో పట్టదు, పట్టించమని బలవంతం చేయడం అన్యాయం. పని మొదలుపెట్టడానికి కనీసం వారం ముందు పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితం రాయండి: ఫలానా ఇల్లు ఖాళీ చేస్తున్నాం, పొడి చెత్త ఇంత ఉండవచ్చు, ప్రమాదకరమైనవి ఇవి ఉన్నాయి, ట్రాక్టరు కావాలి, రుసుము చెల్లిస్తాం అని. రసీదు తీసుకోండి. పొడి చెత్త ఊరి చెత్త నుంచి సంపద తయారీ కేంద్రానికి వెళ్తుందా అని అడగండి. పొలిమేరలో కుప్ప పోస్తారని తెలిస్తే ఇవ్వకుండా అమలాపురం మున్సిపాలిటీని సంప్రదించండి.

కాంట్రాక్టరుతో విప్పే పని వరకే కాగితం రాసుకోండి. శిథిలాలు ఎవరి స్థలంలో పోస్తాడో ఆ స్థలం పేరు, యజమాని ఒప్పుకోలు అందులో ఉండాలి. చివరి వాయిదా డబ్బు ఆ చోటు మీ తరఫువారు చూసి వచ్చాకే ఇవ్వండి. ఇష్టం లేదంటే ఇంకొకరు దొరుకుతారు, ఈ ప్రాంతంలో పెంకుటిళ్లు విప్పే మేస్త్రీలకు కొరత లేదు.

సంచులు అప్పగించే రోజున మీరో, మీ తమ్ముడో అక్కడ ఉండండి. గాజు ఉన్న సంచి ఏదో, సూదుల సీసా ఏదో, పాదరసం ఉన్న పెట్టె ఏదో సంచి మీద రాయడమే కాదు, తీసుకెళ్లే మనిషికి నోటితో కూడా చెప్పండి. చదువు రాని కార్మికులు చాలామంది ఉన్నారు. వాళ్లకు రబ్బరు తొడుగులు లేకపోతే ఆ రోజు మీరే కొనిపెట్టండి.